నేను అడిగిన వరుస

మా బాపుకు నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. లోకంలో ప్రతి పనికీ ఒక యూనిఫాం, ఒక పేరు ఉంటాయని ఆయన నమ్మకం. నెలకొకసారైనా నన్ను కూర్చోబెట్టి విచారణ చేస్తాడు.

"డాక్టరువే గదా బిడ్డా నువ్వు?"

"కాదు బాపు. నేను మందులు రాయను."

"మరి వకీలువా?"

"కాదు."

"గట్లయితే కోర్టోళ్లు కాయితం వట్టుకొని నీ దగ్గరికెందుకొస్తుండ్రు?"

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కాదు. నేను చదివింది మనస్తత్వశాస్త్రం. తెలంగాణ వచ్చిన కొత్తలో నల్గొండ దవాఖానలో ఉద్యోగం దొరికింది. కోర్టులో అప్పుడప్పుడు చట్టం పుస్తకంలో జవాబు దొరకని ప్రశ్న ఒకటి వస్తుంది. నేరం చేసిన మనిషికి ఆ క్షణంలో తానేం చేస్తున్నాడో తెలుసా? ఈ పిల్ల చెబుతున్నది తాను కళ్లారా చూసిందేనా, ఎవరైనా నేర్పి పంపించారా? వేలిముద్ర వేసిన రోజున ఈ ముసలాయనకు కాగితంలో ఏముందో తెలిసే స్థితి ఉందా? అలాంటప్పుడు జడ్జి గారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వస్తుంది. నేను ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకొని మాట్లాడి, పరీక్షలు చేసి, నాకు తేలిందేమిటో రాసి పంపుతాను. తీర్పుతో నాకు సంబంధం లేదు.

దవాఖానలో నా గది మెట్ల కింద ఉంది. మందుల కిటికీ దగ్గర నిలబడే జనం నన్ను "పిచ్చి డాక్టరమ్మ" అంటారు. మొదట్లో ఆ మాట వింటే ఒళ్లు మండిపోయేది. బయటికొచ్చి, "పిచ్చి ఎవరికయ్యా, నాకా?" అని ఒకరిద్దరితో గొడవ కూడా పెట్టుకున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఇప్పుడు చెప్పబోయేది ఆ ఉద్యోగంలో నేను చేసిన ఒక తప్పు గురించి. కోర్టులో తప్ప, దాన్ని చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున ముగ్గురు మనుషులు కోర్టు ఉత్తరంతో నా గదికి వచ్చారు. మొదట లోపలికి వచ్చింది ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. పొట్టిగా, బొద్దుగా ఉంది, రెండు చేతులకూ మోచేతుల దాకా గాజులు. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువని ముఖం చూస్తేనే తెలుస్తుంది. వచ్చీ రాగానే బల్ల మీదున్న నా చెయ్యి పట్టుకొని, వేళ్లు దగ్గరికి మడిచి, కణుపుల దగ్గర మెల్లగా నొక్కి చూసింది. గడియారం తప్ప ఏమీ లేని నా మణికట్టును చూసి ఎంతో జాలిపడింది. నేను చెయ్యి లాక్కొని, "కూర్చో" అన్నాను. ఆ రోజు బయట వికలాంగుల సర్టిఫికెట్ల కోసం వచ్చిన జనం వరండా నిండా ఉన్నారు, నాకు తలనొప్పిగా ఉంది.

ఆమె వెనకే బురఖాలో ఒక ముసలమ్మ. బజారులో గాజుల దుకాణం ఆమెదే. చిన్నా పెద్దా అందరూ ఖాలా అంటారు, అంటే పిన్నమ్మ, నేను కూడా అదే పిలుపుతో పిలిచాను. బురఖా అంచు ఎప్పుడూ నోటికి అడ్డం పెట్టుకొని మాట్లాడే అలవాటు ఆమెది. మూడో మనిషి ఆ అమ్మాయి మేనమామ. మేళ్లచెరువు దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. నలభై దాటి ఉంటాయి. చేతిలో బట్టల దుకాణం సంచి, అందులో మేనకోడలికి కొత్త డ్రెస్సు.

కథ పెద్దదేమీ కాదు. అమ్మాయి తల్లి ఖాలా దుకాణం పక్కన పూలు అమ్మేది. తండ్రి ఎప్పుడో విడిచిపెట్టి పోయాడు. తల్లి పూలు కట్టుకుంటుంటే పిల్ల గాజుల మధ్య కూర్చొని ఆడుకునేది. పిల్లకు ఏడేళ్లప్పుడు తల్లి జబ్బు చేసి చనిపోయింది. ఆ రోజు రాత్రి పిల్లను ఖాలా ఇంటికి తీసుకుపోయింది, అంతే, ఇక ఆ పిల్ల ఆ ఇంట్లోనే పెరిగింది. ఖాలాకు పిల్లల్లేరు, భర్త పోయాడు. పిల్ల ఆమెను "అమ్మీ" అంటుంది. మేనమామ ఆ రోజుల్లో బొంబాయి దగ్గర భివండిలో మగ్గాల మీద పని చేస్తున్నాడు. అక్క పోయిన సంగతి ఆయనకు చేరేసరికి నెలలు గడిచాయి. ఇప్పుడు ఊరికి తిరిగొచ్చి, సొంతిల్లు కట్టుకొని, మేనకోడలికి సంరక్షకుడిగా తనను నియమించమని కోర్టుకు వెళ్లాడు. ఖాలా కూడా కోర్టుకు వచ్చి, పిల్లను ఇవ్వనని చెప్పింది.

"గామె మంచిగ సూస్కున్నది మేడం, కాదంటలేను" అన్నాడు మేనమామ. "గని ఆమెకు గూడ వయసాయె. రేపు ఆమెకేమన్నయితె మా అక్క బిడ్డ బజార్ల వడ్తది. అక్క సచ్చిననాడు నేను రాలేదు. గిప్పుడు గూడ రాకుంటె నా మొఖం నేనెట్ల సూస్కోవాలె?"

ఆయన మీద కోపం తెచ్చుకుందామని ఎంత చూసినా నాకు రాలేదు.

ఖాలా మాత్రం ఒకటే అన్నది. "బేటీ, అది ఏమంటే గదే. దాని దిల్‌ల ఏమున్నదో నువ్వే అడుగు."

జడ్జి గారు అడిగింది కూడా అదే. ఉత్తరంలో రెండే ప్రశ్నలు ఉన్నాయి. ఈ అమ్మాయి తన ఇష్టం తాను చెప్పగలదా? చెప్పగలిగితే ఆ ఇష్టం ఏమిటి?

ఇద్దరినీ బయట కూర్చోబెట్టి అమ్మాయితో పని మొదలుపెట్టాను. బొమ్మలు చూపించాను, చెక్కముక్కలు పేర్పించాను, అంకెలు అడిగాను. పదివరకు లెక్క రాదు. ఈ రోజు ఏ వారమో తెలియదు. కానీ రంగులు, ఆకారాలు ఎవరూ నేర్పనంత చక్కగా పట్టుకుంది. నవ్వు ముఖం. అసలు ప్రశ్న మొదట్లోనే అడిగాను.

"అమ్మీ దగ్గర ఉంటవా, మామతోటి పోతవా?"

"మామతోటి పోత" అన్నది, నవ్వుతూ.

పదిహేడేళ్లు పెంచిన మనిషి తలుపు అవతల కూర్చొని ఉంది. ఒకసారి అడిగితే చాలదని గంట తర్వాత మళ్లీ అడిగాను. వెళ్లిపోయేముందు మూడోసారి అడిగాను. మూడుసార్లూ అదే జవాబు, అదే నవ్వు. నా మనసు ఖాలా వైపే లాగుతోంది. జవాబు మామ వైపు వచ్చింది. కాబట్టి నేను ఎవరి పక్షమూ వహించకుండా నిజాయితీగా పనిచేస్తున్నానని నాకు నేనే భుజం తట్టుకున్నాను. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకే జవాబు చెప్పింది, అమ్మాయి ఇష్టం స్థిరంగా ఉంది, మేనమామతో వెళ్లాలని ఆమె కోరిక అని రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి కోర్టుకు పంపించాను.

రెండు వారాలు గడిచాయి. మా చెల్లెకు శ్రీమంతం చేస్తున్నాం, గాజులు నేనే తేవాలని అమ్మ ఆర్డరు. కేసు నడుస్తుండగా వాళ్ల దుకాణానికి పోకూడదు, అది మా పనిలో మర్యాద. కానీ నివేదిక ఇచ్చేశాను కదా, నా పని అయిపోయింది కదా అనుకొని, సాయంత్రం దవాఖాన నుంచి నడుచుకుంటూ బజారుకు పోయాను. నేను అంతకుముందు ఎప్పుడూ పోలేదు గానీ, నల్గొండలో గాజులంటే మా అమ్మకు ఆ దుకాణమే.

ఖాలా నన్ను చూసి లేచి నిలబడింది. కోపం ఉంటుందనుకున్నాను. స్టూలు తుడిచి, "కూసో బేటీ, చాయ్ తాగుతవా?" అన్నది. దుకాణం మూలన ఒక రేకు పెట్టె తెరిచి ఉంది. అందులో అమ్మాయి బట్టలు ఇస్త్రీ చేసి, మడతపెట్టి, మధ్యమధ్యలో కర్పూరం బిళ్లలు వేసి సర్దుతోంది.

"గా సిమెంటు ఫ్యాక్టరీల కాడ దుమ్మంట గదా" అన్నది. "దీనికి చలికాలంల దమ్ము లేస్తది, ఊపిరాడది. మామకు చెప్పిన. నీ మాటయితె ఇంకింత ఇంటడు, నువ్వు గూడ జర చెప్పు."

నేను తలూపాను.

"నీ తాన మనసుల మాట చెప్పింది గదా" అని ఖాలా తన ధోరణిలో చెప్పుకుపోతోంది. "నా తాన చెప్పలే. చెప్తే నేను ఏడుస్తనని దానికి ఎరుకే. దాన్ని అందరు అక్కల్ లేనిది, తెలివి లేనిది అంటరు. చూసినవా, ఎంత అక్కల్ ఉన్నదో! రాత్రంత ఏడ్సిన బేటీ, అబద్ధమెందుకు. గని పోతనన్నదాన్ని నేనెట్ల ఆపుత? నా సొంత కడుపుల పుట్టినా గూడ ఆడపిల్లను పంపేటిదాన్నే గదా."

ఆ మాటలకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మాయి మాత్రం పనిలో మునిగిపోయి ఉంది. ఎదురుగా గాజులు కొనడానికి వచ్చిన ఒక తల్లీ కూతురూ నిలబడి ఉన్నారు. అమ్మాయి ఆ తల్లి చెయ్యి పట్టుకొని ఒక్కసారి నొక్కి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాచి సరిగ్గా సరిపోయే డజను తీసింది. అంకెలు రాని పిల్ల. గాజు ఎక్కడా పట్టలేదు, ఒక్కటీ చిట్లలేదు. నా గదిలో నా చెయ్యి ఎందుకు నొక్కిందో అప్పుడు తెలిసింది.

తల్లి రెండు రకాలు పైకెత్తి అడిగింది. "ఎర్రయి బాగున్నయా, పచ్చయి బాగున్నయా?"

"పచ్చయి" అన్నది అమ్మాయి.

కూతురు పక్కనుంచి, "మరి నాకు? పచ్చయి మంచిగుంటయా, ఎర్రయి మంచిగుంటయా?" అంది.

"ఎర్రయి."

ఖాలా పకపకా నవ్వింది. "దాన్ని అడిగితె అయిందే పని! ఎనక ఏ మాటంటె గా మాటే అంటది, చిన్నప్పటి సంది గంతే. గందుకే నేను దాన్ని ఏదీ అడగ. అది చేతుల ఏది వట్టుకుంటదో చూస్త."

నా చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అది కింద పెట్టి అమ్మాయిని పిలిచాను.

"నీకు చాయ్ కావాల్నా, నీళ్లు కావాల్నా?"

"నీళ్లు."

"నీళ్లు కావాల్నా, చాయ్ కావాల్నా?"

"చాయ్."

అదే నవ్వు. నా గదిలో మూడుసార్లు చూసిన ఆ నవ్వు.

మూడుసార్లు అడిగానని గొప్పగా రాసుకున్నాను. మూడుసార్లూ ఒకే వరుసలో అడిగాను. ముందు అమ్మీ, తర్వాత మామ. ఒక్కసారి తిప్పి అడిగి ఉంటే సరిపోయేది. ఇలాంటి మనుషులు ప్రశ్నలో చివరి ముక్క పట్టుకొని అదే జవాబుగా చెబుతారని నాకు తెలియనిది కాదు. చదువుకున్నాను, కిందివాళ్లకు పాఠం కూడా చెప్పాను. ఆ సోమవారం తలనొప్పిలో, హడావిడిలో, నా నిజాయితీ చూసుకొని మురిసిపోవడంలో మరిచిపోయాను. ఇక్కడ ఒక ముసలమ్మ నా సంతకం నమ్మి పెట్టె సర్దుకుంటోంది.

ఆమెకు అక్కడే చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. కోర్టులో ఉన్న సంగతి బజారులో మాట్లాడకూడదు. పెదవులు బిగపట్టుకొని లేచాను. అమ్మాయి నన్ను ఆపి, అడక్కుండానే నా సైజు గాజులు రెండు చేతులకూ తొడిగింది. చెల్లె గాజులు మరిచిపోయి ఇంటికి పోయాను. అమ్మ చేతిలో తిట్లు తిన్నాను.

మర్నాడే కోర్టుకు ఉత్తరం రాశాను. నా నివేదికలో తప్పు జరిగింది, దాన్ని పక్కన పెట్టమని కోరుతున్నాను, స్వయంగా హాజరై వివరిస్తాను అని. ఇప్పటిదాకా నేనిచ్చిన ప్రతి నివేదికనూ ఇకమీద అనుమానంగా చూస్తారు. అది ఒక భయం. అంతకంటే పెద్ద భయం, నేను ఉత్తరం పంపినా జడ్జి గారు ఒప్పుకోకపోతే పిల్లను పంపించేస్తారేమోనని.

వాయిదా రోజు బోనులో నిలబడ్డాను. మేనమామ తరఫు వకీలు లేచాడు. ఆయన పని ఆయనది, కానీ గొంతులో వెటకారం ఉంది.

"మేడం, మూడుసార్లు అడిగానని మీరే రాశారు. కోరిక స్థిరంగా ఉందని మీరే రాశారు. ఇప్పుడు కాదంటున్నారు. రేపు ఇంకోటి రాస్తారా?"

నాకు కోపం వచ్చేసింది. "రాస్తాను. తప్పని తెలిస్తే రేపూ రాస్తాను, ఎల్లుండీ రాస్తాను. తప్పు కాగితం మీద ఒక మనిషిని ఇంట్లోంచి పంపించమంటారా?"

జడ్జి గారు చెయ్యెత్తి నన్ను ఆపారు. అమ్మాయిని దగ్గరికి పిలిపించుకున్నారు. "నీకు లడ్డు ఇష్టమా, జిలేబీ ఇష్టమా?" అని అడిగారు. "జిలేబీ" అన్నది. కాసేపాగి, "జిలేబీ ఇష్టమా, లడ్డు ఇష్టమా?" అన్నారు. "లడ్డు." కోర్టు హాలులో నవ్వులు లేచాయి. అందరూ నవ్వుతున్నారని ఆ అమ్మాయి కూడా సంబరంగా నవ్వింది. వాళ్లందరినీ బయటికి పంపించాలన్నంత మంటగా ఉంది నాకు.

అప్పుడు ఖాలా వైపు చూశాను. ఆమె నవ్వడం లేదు. ఆమెకు అర్థమైంది. పిల్ల తనను వదిలిపోతానన్నదని ఇన్నాళ్లూ ఏడ్చింది, ఆ పిల్ల నిజానికి ఆ మాట కోరి అనలేదని ఆమెకు ఆ నిమిషంలో తెలిసింది. అమ్మాయిని రెండు చేతులతో దగ్గరికి లాక్కొని, తలమీద ముద్దులు పెడుతూ, ఉర్దూలో ఏదేదో అంటోంది. నేను చేసిన పని ఎంత పాడుపనో ఆ ముద్దులు చూస్తుంటే తెలిసింది.

"మరి ఈమె మనసు తెలుసుకునేది ఎలాగమ్మా?" అన్నారు జడ్జి గారు నాతో.

"అడగకూడదు సార్, చూడాలి. ఖాలా దగ్గర ఎలా ఉంటుందో చూశాను. మేనమామ ఇంట్లో కొన్ని రోజులు ఉంచి చూడాలి. ఎవరూ ఏమీ అడగొద్దు."

పది రోజులు మేనమామ ఇంట్లో ఉంచమని, మధ్యలో నేను వెళ్లి చూసి రావాలని ఉత్తర్వు వచ్చింది. ఖాలా గుండె దిటవు చేసుకొని పిల్లను బస్సెక్కించింది.

ఐదో రోజు నేను మేళ్లచెరువు పోయాను. హుజూర్‌నగర్‌లో బస్సు మారి దిగేసరికి మిట్టమధ్యాహ్నం. రోడ్డు పక్క చెట్ల ఆకులన్నీ బూడిద రంగులో ఉన్నాయి, ఫ్యాక్టరీ దుమ్ము. మేనమామ ఇల్లు రెండు గదులు, శుభ్రంగా ఉంది. కిటికీలకు తడిబట్టలు కట్టారు. "ఖాలా చెప్పింది మేడం, దమ్ము లేస్తదని. పూటకోసారి తడుపుతున్నం" అన్నాడాయన. అమ్మాయికి కొత్త మంచం, కొత్త దుప్పటి. ఆయన భార్య ఆమెకు తల దువ్వుతోంది. వాళ్ల పిల్లలు అక్కా అక్కా అంటూ చుట్టూ తిరుగుతున్నారు. ఇంట్లో ఆడవాళ్లందరి గాజులూ తీయించి, సైజులు సరిచేసి మళ్లీ తొడిగిందట.

నేను సాయంత్రం బస్సు దాకా అక్కడే కూర్చున్నాను. ఏడుపు లేదు, అలక లేదు. నన్ను చూసి నా చేతికి ఇంకా తను తొడిగిన గాజులే ఉన్నాయని సంతోషపడింది. ఒక్కసారి కూడా "అమ్మీ" అనలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని నేను దిగులుపడ్డాను. నా లోపల ఒక మూల ఆ పిల్ల బాగా లేకుండా ఉండాలని కోరుకున్నానని గుర్తించి ఇంకా సిగ్గుపడ్డాను.

రెండో నివేదిక ఉన్నది ఉన్నట్టు రాశాను. ఖాలా, మేనమామ ఇద్దరూ ప్రేమగా చూస్తున్నారు. రెండు చోట్లా ఆమె కులాసాగా ఉంది. ఆమె ఇష్టం ఫలానా అని నేను చెప్పలేను.

చివరి వాయిదా రోజు జడ్జి గారు దాన్ని చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. అప్పుడిక రక్తసంబంధం చూసి నిర్ణయం చేయాల్సి వస్తుందన్నట్టు ఏదో మొదలుపెట్టారు. ఖాలా గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. అమ్మాయి మేనమామ పక్కన ఉంది. ఇంకొక్క మాటతో ఆ పదిహేడేళ్ల సంసారం అయిపోయేట్టుంది, నేను చెప్పగలిగింది ఏమీ లేదు.

అంతలో మేనమామ లేచి నిలబడ్డాడు. "సార్, నేనొక ముచ్చట జెప్పాలె."

వకీలు ఆయన చొక్కా పట్టుకొని లాగాడు. మేనమామ విడిపించుకున్నాడు.

"మేడం వచ్చింది పగటిపూట. రాత్రి ముచ్చట ఆమె సూడలే, గందుకే కాయితంల లేదు. నాకు షుగరొచ్చిన కాన్నుంచి రాత్రికి మా ఇంట్ల జొన్న రొట్టెనే సార్. గీ బిడ్డకు కంచంల రొట్టె వెడ్తె, పోయి ఇంకో కంచం తెచ్చుకుంటది. తన రొట్టెల సగం సన్నగ తుంచి, గా కంచంల ఏసి, పప్పు వోసి నానవెడ్తది. ఏళ్లతోటి మెత్తగ పిసుకుతది. పక్కన చాప పరిచి గా కంచం గాడ వెడ్తది. ఇగ తలుపు దిక్కు సూసుకుంట కూసుంటది. తను ముద్ద ముట్టది."

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మొదటి దినం ఆట అనుకున్న. రెండోనాడు గట్లనే. పదిరోజులు గట్లనే సార్. మస్తుసేపు సూసి, సూసి, గా కంచం మీద మూత వెట్టి, అప్పుడు తింటది. పొద్దున లేస్తనే మూత తీసి సూస్తది. అట్లనే ఉంటె మల్ల మూత వెడ్తది. మా ఇంటామె గది పారవొయ్యనికి పోతె చెయ్యి వట్టుకుంటది. ఎవలకే బిడ్డా అని అడుగుదామంటె, మేడం అడగొద్దన్నది. గందుకే నేను అడగలే. ఎవలకో నాకు తెల్వదు. గని సెప్పకుంటె పాపమనిపిచ్చింది."

జడ్జి గారు ఏదో అడగబోయి ఆగిపోయారు.

గోడ దగ్గర ఖాలా మెల్లగా లేచింది. నోటికి అడ్డం పెట్టుకున్న బురఖా అంచు తీసేసింది. ఇన్నాళ్ల పరిచయంలో ఆమె నోరు నేను చూడటం అదే మొదటిసారి. ఒక్క పన్ను లేదు.

"నేను నమలలేను సార్" అన్నది. "గది నా కంచం."

మేనమామ అక్కడే బెంచీ మీద కూలబడి తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. నేను ఏడ్చాను, అందరి ముందూ, ప్రభుత్వ ఉద్యోగినని కూడా గుర్తులేకుండా. కాసేపటికి ఆయన లేచి, మేనకోడలి చెయ్యి పట్టుకొని ఖాలా దగ్గరికి నడిపించుకు వచ్చి, ఆ చెయ్యి ఆమె చేతిలో పెట్టాడు. కేసు వాపసు తీసుకుంటానని జడ్జి గారికి అక్కణ్నుంచే చెప్పాడు.

"ఐతారం ఐతారం వచ్చి సూసిపోవచ్చునా ఖాలా?" అని అడిగాడు.

"రా బేటా" అన్నది ఖాలా, పిల్ల తల నిమురుతూ. "వచ్చేటప్పుడు తినకుండ రా."